రెండు చిన్న పుస్తకములు – తాతారు కవి మూసా జలీల్ చరిత్ర

పుస్తకములను సేకరించి, భద్రపరచి, చదువరులకు అందించుటయే గ్రంథాలయ ధర్మము. మన గ్రంథాలయము ఈ ధర్మమును ఇరువదియైదు సంవత్సరములు నడపి రజతోత్సవము జరుపుకొనుచున్న ఈ శుభసమయమున, భద్రపరచుట యను మాటకు ఎంతటి బరువు కలదో తెలుపు ఒక చరిత్రను పాఠకుల ముందుంచుట ఉచితమని తలచుచున్నాను. ఇది తాతారు జాతికి చెందిన మూసా జలీల్ అను కవి చరిత్ర. ఆయన చెరసాలలో కాగితపు ముక్కలను కుట్టి, వానిపై చిన్న చిన్న అక్షరములతో వ్రాసిన రెండు పుస్తకముల చరిత్ర. ఒక్కొక్క పుస్తకము అరచేతిలో ఇముడునంతటిది. అవి నేడు కజాను నగరమందలి ప్రదర్శనశాలలో భద్రముగా నున్నవి. వానిని అచటికి చేర్చినవారు పడిన శ్రమను, వారిలో ఒకరు అనుభవించిన కష్టమును తెలిసికొన్నచో, అలమరలోని ప్రతి పుస్తకమును మనము మరింత గౌరవముతో చూడగలము.

తాతారులు – వారి భాష

తాతారులు రష్యాదేశమున వోల్గానది మధ్యభాగమున నివసించు జాతివారు. వారి భాష టర్కీ భాషకు దగ్గర చుట్టము. వారిలో అధికసంఖ్యాకులు ఇస్లాము మతస్థులు. వారి ముఖ్యనగరమైన కజాను, మాస్కోకు తూర్పుగా సుమారు 800 కిలోమీటర్ల దూరమున వోల్గా తీరమందు కలదు. 1552వ సంవత్సరమున రష్యా ప్రభువైన నాలుగవ ఇవాను ఆ నగరమును జయించెను. నాటితో తాతారుల రాజ్యము పోయెను. కాని భాష పోలేదు. పందొమ్మిదవ శతాబ్ద ప్రారంభమునుండియే కజానులో తాతారు పుస్తకములు అచ్చగుచుండెను. పల్లెలలో మసీదుల చెంతనున్న పాఠశాలలు పిల్లలకు చదువు నేర్పుచుండెను. ఇరువదవ శతాబ్దమున గబ్దుల్లా తుకాయ్ అను కవి జనించిన భాషకు దగ్గరగా, పల్లెజనుల నోట పలుకు మాటలతో కవిత్వము వ్రాసి, తాతారు సాహిత్యమునకు నూతన మార్గము చూపెను. 1886లో పుట్టిన తుకాయ్ 1913లో, ఇరువదియారేండ్ల ప్రాయముననే కజానులో మరణించెను. ఆయన వేసిన బాటలో నడచినవారిలో మన కథానాయకుడు ఒకడు.

ఇచట తాతారు లిపిని గూర్చి ఒక మాట చెప్పవలసియున్నది. తరువాతి కథకు అది అవసరము. తాతారులు శతాబ్దములపాటు తమ భాషను అరబ్బీ లిపిలో వ్రాసికొనిరి. 1920వ దశకము చివర ప్రభుత్వము ఆ లిపిని తొలగించి లాటిన్ లిపిని ప్రవేశపెట్టెను. పది పండ్రెండేండ్లు గడచెనో లేదో, 1939లో దానినిగూడ త్రోసివేసి రష్యను లిపిని అమలుపరచెను. తాత వ్రాసిన ఉత్తరమును మనుమడు చదువలేడు. తండ్రి చదివిన పుస్తకమును కొడుకు చదువలేడు. పాత గ్రంథములు అలమరలలోనే యుండియు క్రొత్త తరమువారికి మూగవయ్యెను. మాట అదియే, అర్థము అదియే. అక్షరము మాత్రము మారిపోయెను. ఒక మనుష్యుని జీవితకాలములోనే భాష ఇట్లు రెండుమారులు వేషము మార్చుట ఎంతటి విచిత్రమో, నూరేండ్ల నాటి అచ్చుపుస్తకమును నేటికిని చదువగలుగుచున్న మనము ఊహించుకొనవలెను.

జననము – విద్య

మూసా జలీల్ 1906వ సంవత్సరము ఫిబ్రవరి 15వ తేదీన ఓరెన్‌బుర్గు ప్రాంతమందలి ముస్తఫీనో అను పల్లెటూర ఒక పేద కుటుంబమున జన్మించెను. తండ్రి ముస్తఫా, తల్లి రహీమా. వారి సంతానములో ఆయన ఆరవవాడు. ఇంటిపేరుతో కూడిన ఆయన పూర్తి నామము మూసా జలీలోవ్. జలీల్ అనునది కలము పేరు. పల్లెలో బ్రతుకుదెరువు చాలక కుటుంబము ఓరెన్‌బుర్గు పట్టణమునకు తరలిపోయెను. అచటి హుసైనియా మద్రసాలో బాలుడైన మూసా చదువు నేర్చెను. ఆ పాఠశాలలో మతవిద్యతోపాటు లోకజ్ఞానమునకు సంబంధించిన విద్యలును బోధించుచుండిరి. పదేండ్లు నిండునప్పటికే ఆ బాలుడు పద్యములు అల్లుటకు మొదలిడెను.

1917లో రష్యాలో విప్లవము వచ్చెను. వెనువెంటనే అంతర్యుద్ధమును, వోల్గా ప్రాంతమంతటను ఘోరమైన క్షామమును వచ్చెను. 1919లో, పదుమూడేండ్ల వయస్సున, మూసా యువజన కమ్యూనిస్టు సంఘమున చేరెను. 1922లో కజానుకు పోయి, కార్మికులకై పెట్టిన పాఠశాలలో చదివెను. 1925లో ఆయన తొలి కవితాసంపుటము వెలువడెను. 1927లో మాస్కోకు పోయి విశ్వవిద్యాలయమున సాహిత్యము నభ్యసించి, 1931లో పట్టము పొందెను. పిమ్మట మాస్కోలో తాతారు పిల్లలకొరకు వెలువడుచుండిన పత్రికలకు సంపాదకుడుగా పనిచేసెను.

జలీల్ తొలిదశలో వ్రాసిన కవిత్వమంతయు ఒకే స్థాయిలో నుండదు. ఆనాటి నినాదములను పద్యములలో చెప్పిన రచనలు అందు చాల కలవు. అట్టివి కాలముతోపాటు పాతబడుట సహజము. అయినను జానపదుల పాటలయందును, ప్రాచీన గాథలయందును ఆయనకు గల ప్రేమ నానాటికి పెరిగెను. కజానులో తాతారు సంగీతనాటకశాల నెలకొల్పుటకై జరిగిన కృషిలో ఆయన పాలుపంచుకొనెను. ఆ నాటకశాల 1939లో ప్రారంభమయ్యెను. నజీబ్ జిగానోవ్ అను సంగీతకర్తకొరకు జలీల్ ‘ఆల్తిన్‌చెచ్’ అను గేయనాటకమును రచించెను. ఆ పేరునకు బంగారు కురులది యని యర్థము. 1939లో ఆయన తాతారు రచయితల సంఘమునకు అధ్యక్షుడుగా నెన్నుకొనబడెను. ఇంట భార్య అమీనా, చిన్నారి కుమార్తె చుల్పాన్. తాతారు భాషలో చుల్పాన్ అనగా వేగుచుక్క. ముప్పదియైదేండ్ల వయస్సున ఆ కవికి పదవియు, కీర్తియు, సంసారసుఖమును సమకూడియుండెను.

యుద్ధము – చెర

1941 జూన్ 22న హిట్లరు సేనలు సోవియట్ దేశముపై దండెత్తెను. జలీల్ సైన్యమున చేరి, శిక్షణ ముగించుకొని, లెనిన్‌గ్రాడునకు దక్షిణమునగల వోల్ఖోవ్ యుద్ధరంగమునకు పోయెను. సైనికుల వార్తాపత్రికకు విలేఖరిగా పనిచేయుట ఆయన విధి. ఆయన చేరిన సైన్యము రెండవ ఆఘాతసేన. శత్రువుల ముట్టడిలోనున్న లెనిన్‌గ్రాడును విడిపించుటకై ముందునకు సాగిన ఆ సేన, అడవులు, బురదనేలల నడుమ తానే ముట్టడిలో చిక్కుకొనెను. తిండి లేదు, మందుగుండు లేదు. 1942 జూన్ 26న, శత్రువ్యూహమును ఛేదించుకొని వెలుపలికి వచ్చు ప్రయత్నమున జలీల్ తీవ్రముగా గాయపడి జర్మనులకు చిక్కెను.

యుద్ధమున గాయపడి చిక్కుట ఏ సైనికునకైనను సంభవింపవచ్చును. కాని నాటి సోవియట్ ప్రభుత్వ దృష్టి వేరు. 1941 ఆగస్టులో స్టాలిన్ జారీచేసిన 270వ సంఖ్యగల ఆజ్ఞ ప్రకారము శత్రువునకు లొంగిపోయిన అధికారి ద్రోహిగా ఎంచబడుచుండెను. అట్టివాని కుటుంబమును నిర్బంధించుటకుగూడ అందు వీలు కల్పించిరి. అదిగాక, రెండవ ఆఘాతసేనకు నాయకుడైన వ్లాసోవ్, పట్టుబడిన పిమ్మట జర్మనుల పక్షమున చేరెను. దానితో ఆ సేన పేరునకే కళంకము సోకెను. జలీల్ మెడకు తగులుకొనిన అనుమానమునకు ఇది తొలి ముడి.

శత్రువుల వేషమున

జర్మనులు తమ చెరలోనున్న రష్యాయేతర జాతుల ఖైదీలను వేరుపరచి, వారితో ప్రత్యేక పటాలములు కూర్చి, వారి దేశముమీదికే వారిని పంపదలచిరి. తాతారులను, వోల్గా ప్రాంతమందలి ఇతర జాతులవారిని చేర్చి పోలండు దేశమున 1942లో ఒక దళమును ఏర్పరచిరి. ఆకలితోను, రోగములతోను ఖైదీలు వేలకొలదిగా చచ్చుచున్న శిబిరములవి. దళమున చేరినవానికి కడుపునిండ తిండి, ఒంటికి బట్ట దొరకును. చేరనివానికి చావు దాపున నుండును. ఇట్టి స్థితిలో ఎవడు ఏ కారణమున చేరెనో నిర్ణయించుట, సుఖముగా ఇంట కూర్చున్న మనకు తగిన పని కాదు.

పట్టుబడినప్పుడు జలీల్ తన నిజమైన పేరు చెప్పక, గుమెరోవ్ అని చెప్పెను. ఆయన తొలుత దళమునకు దూరముగా నుండెను. పిమ్మట ఆ దళమును లోపలినుండియే విరుగగొట్టవచ్చునని తలచి, తోడి దేశభక్తులతో కూడి ఒక రహస్య సంఘమున పనిచేయసాగెను. దళమున సాంస్కృతిక కార్యక్రమములు నడపు పని ఆయనకు దొరికెను. పాటలు పాడించుటకును, నాటకములాడించుటకును తగినవారిని వెదకు నెపముతో శిబిరమునుండి శిబిరమునకు తిరుగుచు, నమ్మదగిన వారిని సంఘమున చేర్చుచుండెను. రహస్యముగా కరపత్రములు అచ్చొత్తి పంచుచుండిరి. శత్రువుల తిండి తినుచు, శత్రువుల నడుమ తిరుగుచు చేయవలసిన పని యిది. బయటివారి కన్నులకు ఆయన ద్రోహిగానే కనబడును. తాను ద్రోహి కానని చెప్పుటకు సాక్ష్యము లేదు. సాక్ష్యముండినచో ప్రాణము దక్కదు. ఆ చిక్కు తెలిసియే జలీల్ అందు దిగెను.

1943 ఫిబ్రవరిలో ఈ దళమునకు చెందిన 825వ పటాలమును జర్మనులు బైలోరష్యాలోని వీతెబ్‌స్కు ప్రాంతమునకు పంపిరి. గెరిల్లా వీరులను అణచివేయుటకై పోయిన ఆ పటాలములోని అధికసంఖ్యాకులు తిరుగబడి, ఆయుధములతోకూడ గెరిల్లాల పక్షమున చేరిరి. దీనిని ఆ రహస్య సంఘపు కృషికి ఫలముగా పలువురు చరిత్రకారులు ఎంచుదురు. అటుపిమ్మట జర్మనుల నిఘా పెరిగెను. 1943 ఆగస్టులో జలీల్‌ను, ఆయన సహచరులను నిర్బంధించిరి.

మోయాబిట్ చెరసాల

జలీల్‌ను బెర్లిను నగరమందలి మోయాబిట్ చెరసాలలో బంధించిరి. తన గతి యేమగునో ఆయనకు తెలియును. చేతికి దొరికిన కాగితపు ముక్కలను ఒక్కటొక్కటిగా కూర్చి, కుట్టి, చిన్న పుస్తకములు చేసికొని, వానిలో కవితలను వ్రాసికొనసాగెను. ఒక పుస్తకమును చిన్ననాడు మద్రసాలో నేర్చిన అరబ్బీ లిపిలో వ్రాసెను. మరియొకదానిని యౌవనమున వాడిన లాటిన్ లిపిలో వ్రాసెను. నాటికి దేశమున అమలులోనున్నది రష్యను లిపి. తన జాతి భాష ధరించి విడిచిన రెండు వేషములును ఆ చెరసాలలో ఆయనకు అక్కరకు వచ్చెను.

ఆ కవితలలో నేమున్నది? పసిపిల్లలను తల్లులతోసహా కాల్చిచంపిన క్రూరులపై ఆగ్రహమున్నది. భార్యపై అనురాగము, కుమార్తెపై వాత్సల్యము, పుట్టిన పల్లెపై మమకారమున్నవి. చావును ముఖాముఖి చూచుచున్నవాని ధైర్యమున్నది. అన్నిటికంటె ఆశ్చర్యకరమైన దేమనగా, హాస్యముకూడ నున్నది. మరణదండన తప్పదని తెలిసినవాడు నవ్వు పుట్టించు కవితలు వ్రాయుట సామాన్యవిషయము కాదు. తొలినాటి నినాదములు ఇందు లేవు. సభ లేదు, చప్పట్లు లేవు, సంపాదకుడు లేడు. చెప్పవలసినది చెప్పుటకు మిగిలిన కాలము కొలదిగా నున్నది. అందుచేతనే కాబోలు, జలీల్ రచనలలో ఉత్తమమైనవి చెరసాలలో వ్రాసినవే యని విమర్శకులు తలచుచున్నారు.

1943 డిసెంబరున ఆయన ఒక పుస్తకములో తన మరణశాసనము వంటి లేఖను వ్రాసెను. అది ఫలానివారికని వ్రాసినది కాదు. తాతారు భాష చదువ నేర్చిన ఒక అపరిచిత మిత్రునకు వ్రాసినది. తాను చెరలో 115 కవితలు వ్రాసితిననియు, వాని గతి యేమగునో యని దిగులు పడుచున్నాననియు, వానిలో 60 కవితలనైనను ఈ పుస్తకమున ఎత్తివ్రాయ ప్రయత్నించితిననియు, ఇది ఎవరి చేతికి చిక్కినను శ్రద్ధతో శుద్ధప్రతి వ్రాసి దాచి, యుద్ధము ముగిసిన పిదప కజానుకు తెలుపవలెననియు దాని సారాంశము. తన ప్రాణమును కాపాడుమని ఆయన ఎవరిని కోరలేదు. కవితలను మాత్రము కాపాడుమని కోరెను.

1944లో జర్మను సైనిక న్యాయస్థానము జలీల్‌కును, ఆయన సహచరులకును మరణదండన విధించెను. 1944 ఆగస్టు 25న బెర్లినులోని ప్లోట్జెన్‌సే చెరసాలలో గిలెటిన్ అను శిరశ్ఛేదయంత్రముతో పదునొకండుగురిని అరగంటలో వధించిరి. వారి పేర్లు చెప్పుట మన విధి: గైనాన్ కుర్మాష్, మూసా జలీల్, అబ్దుల్లా అలీష్, ఫువాత్ సైఫుల్‌ములూకోవ్, ఫువాత్ బులాతోవ్, గరీఫ్ షబాయెవ్, అహ్మెత్ సిమాయెవ్, అబ్దుల్లా బత్తాలోవ్, జిన్నత్ హసనోవ్, అఖత్ అత్నాషెవ్, సలీమ్ బుఖారోవ్. వీరిలో అలీష్ పిల్లలకు ముద్దైన కథలు వ్రాసిన రచయిత. జలీల్ వయస్సు నాటికి ముప్పదియెనిమిదేండ్లు.

పుస్తకములను మోసినవారు

కవి మరణించెను. కాని పుస్తకములు మిగిలినవి. ఇక వాని ప్రయాణము వినదగినది.

మొదటి పుస్తకము తోడి తాతారు ఖైదీయైన గబ్బాస్ షరీపోవ్ చేతినుండి నిగ్మత్ తెరెగులోవ్ అను మరియొక ఖైదీ చేతికి వచ్చెను. తెరెగులోవ్ దానిని యుద్ధానంతరము దాచి తెచ్చి, 1946లో కజానుయందలి తాతారు రచయితల సంఘమునకు అప్పగించెను. అపరిచిత మిత్రుడు వచ్చెను; కోరినట్లే కజానుకు తెలిపెను. దానికి ఆయనకు దక్కిన ప్రతిఫల మేమి? శత్రువుల చెరలో నుండి వచ్చినవారినందరిని అనుమానించుచున్న కాలమది. తెరెగులోవ్ స్వదేశ ప్రభుత్వముచేతనే బంధింపబడి, శిక్షాశిబిరమున ప్రాణములు విడిచెను. జర్మనుల చెరనుండి బయటపడినవాడు తనవారి చెరలో మరణించెను. ఆయన తెచ్చిన పుస్తకము మాత్రము నిలిచెను.

రెండవ పుస్తకమును కాపాడినవాడు ఆంద్రే టిమ్మర్‌మన్స్ అను బెల్జియము దేశస్థుడు. తన దేశము నాక్రమించిన నాజీల నెదిరించి, మోయాబిట్ చెరసాలలో పడినవాడు. అచట జలీల్‌తో ఒకే గదిలో నుండెను. ఆయనకు తాతారు భాష తెలియదు. ఆ పుస్తకములో నున్నది ప్రార్థనయో, ప్రేమగీతమో, తిట్టో తాను పోల్చుకొనలేడు. ఒక్క వాక్యమైనను చదువలేని ఆ పుస్తకమును, చనిపోబోవుచున్న మిత్రుడు చేతిలో పెట్టెనను ఒక్క కారణమున ఆయన దాచెను. ప్రాణములతో బయటపడి స్వదేశమునకు చేరి, 1947లో బ్రసెల్సు నగరమందలి సోవియట్ కాన్సల్ కార్యాలయమున దానిని అప్పగించెను. అచటినుండి అది కజానుకు చేరెను.

ఇవిగాక మరికొన్ని ప్రతులును బయలుదేరినవి. 1946లో టర్కీ పౌరుడొకడు రోము నగరమందలి సోవియట్ రాయబార కార్యాలయమున ఒక పుస్తకమును ఇచ్చెను. అది రహస్య పోలీసుల చేతికి పోయి మరి కనబడలేదు. తరువాతి కాలమున ఎంత వెదకినను దొరకలేదు. దానిని మోసినవాడు తన విధిని నెరవేర్చెను, అందుకొనినవారు నెరవేర్పలేదు. భద్రపరచుటకై ఇచ్చిన పుస్తకమును పోగొట్టుట ఎంతటి అపరాధమో గ్రంథాలయము నడపువారికి వేరుగ చెప్పనక్కరలేదు.

కళంకము తొలగుట

పుస్తకములు కజానుకు చేరిన వెంటనే కవి పేరునకు గౌరవము కలిగెనని పాఠకులు తలచవచ్చును. జరిగినది వేరు. 1945లో బెర్లినును పట్టుకొన్న సోవియట్ సైనికులకు మోయాబిట్ చెరసాలలో ఒక పుస్తకపు పుట దొరికెను. తాను అచట బందీగా నున్నాననియు, మరణము తప్పదనియు, మాస్కోలోని రచయితలైన మిత్రులకు తన నమస్కారములు తెలుపుమనియు జలీల్ దానిపై వ్రాసియుండెను. ఇది తెలిసినను, శత్రువుల దళమున పనిచేసెనను కారణమున 1946లో ప్రభుత్వ భద్రతాశాఖవారు ఆయనపై దేశద్రోహ నేరమున గాలింపు ప్రారంభించిరి. 1947లో ఆయన పేరును మిక్కిలి ప్రమాదకరులైన నేరస్థుల పట్టికలో చేర్చిరి. ప్లోట్జెన్‌సేలో తల కోల్పోయి మూడేండ్లు కావచ్చిన మనుష్యుని కొరకు వెదకిరన్నమాట! ఆ పేరు పుస్తకములలో కనబడకూడనిదయ్యెను. ఆయన భార్యాబిడ్డలును ఆ అనుమానపు నీడలోనే బ్రతుకవలసివచ్చెను.

ఈ చీకటిలో దీపము పట్టినవారు కొందరు కలరు. జలీల్ మిత్రుడును సాహిత్య విమర్శకుడునైన గాజీ కష్షాఫ్, కజానులోని మరికొందరు రచయితలు ఆ కవితలను విడువలేదు. సుప్రసిద్ధ రష్యను రచయిత కాన్‌స్టాంటిన్ సిమోనోవ్ వానికి అండగా నిలిచెను. 1953 మార్చిలో స్టాలిన్ మరణించెను. ఆ మరుసటి నెల 25వ తేదీన ‘లితెరతూర్నాయ గజెత’ అను పత్రికలో జలీల్ చెరసాల కవితలు కొన్ని రష్యను అనువాదమున వెలువడినవి. దేశము నలుమూలల పాఠకులు వానిని చదివిరి. ఇట్టి కవితలు వ్రాసినవాడు ద్రోహి యగునా యను ప్రశ్న దానంతటదే పుట్టెను. విచారణలు జరిగినవి, తోడి ఖైదీలు సాక్ష్యము చెప్పిరి. 1956 ఫిబ్రవరి 2న ఆయనకు ‘సోవియట్ వీరుడు’ అను అత్యున్నత బిరుదమును మరణానంతరము ఇచ్చిరి. 1957లో చెరసాల కవితలకు లెనిన్ బహుమానము లభించెను. పట్టికలో నేరస్థుడుగా చేర్చిన ప్రభుత్వమే పదేండ్లు తిరుగకమునుపే ఆయన మెడలో వీరపతకమును వేసెను.

దీనియందు మనము గమనింపవలసిన విశేషమున్నది. జలీల్ తరఫున వాదించుటకు ఆయన లేడు. సహచరులు పదిమందియు ఆయనతోడనే పోయిరి. పుస్తకమును తెచ్చిన తెరెగులోవ్‌ను చెరలో వేసిరి. చివరకు ఆయన పక్షమున గట్టిగా నిలిచి మాటలాడినవి, కాగితపు ముక్కలపై వ్రాసిన ఆ అక్షరములే.

నేటి కీర్తి

ఆ రెండు పుస్తకములనుండి 90కి పైగా కవితలు లోకమునకు దక్కినవి. అవి పెక్కు భాషలలోనికి అనువదింపబడినవి. జలీల్ పేరు నేడు కజానులోని సంగీతనాటకశాలకు కలదు; బ్రదికియుండగా ఆయన కొలువు చేసినది అచటనే. ఆయన మిత్రుడు జిగానోవ్ 1957లో ‘జలీల్’ అను పేరనే సంగీతనాటకమును కూర్చెను. 1966లో కజాను కోట ముందు ముండ్లతీగను త్రెంచుకొని పైకి లేచుచున్న కవి విగ్రహమును ప్రతిష్ఠించిరి. ఆయనతో మరణించిన పదిమంది సహచరుల రూపములను తరువాత ఆ చెంతనే గోడపై చెక్కిరి. 1983లో ఆయన కాపురమున్న ఇంటిని ప్రదర్శనశాలగా మార్చిరి. 1972లో కనుగొనబడిన ఒక చిన్న గ్రహమునకుగూడ ఆయన పేరు పెట్టిరి. కుమార్తెకు వేగుచుక్క పేరు పెట్టుకొనిన కవికి ఆకాశమున చోటు దొరకుట సముచితమే.

అయినను విగ్రహములకంటె, బిరుదములకంటె, ఆ రెండు చిన్న పుస్తకములే ఎక్కువ విలువగలవని నా నమ్మకము. విగ్రహమును ప్రభుత్వము నిలుపగలదు, పడగొట్టగలదు. బిరుదమును ఇయ్యగలదు, తీసికొనగలదు. లిపిని సయితము మార్చగలదు. ఒక మనుష్యుడు మరియొక మనుష్యునకు నమ్మి యిచ్చిన పుస్తకము, అతడు దాచినంతకాలము నిలుచును.

గ్రంథాలయ సభ్యులమైన మనకు టిమ్మర్‌మన్స్ జీవితమునుండి గ్రహింపదగిన నీతి యొకటి కలదు. ఆయన తాను చదువలేని పుస్తకమును కాపాడెను. మన అలమరలలోగూడ నేడు ఎవరును తీసి చదువని పుస్తకము లనేకము లుండవచ్చును. కొన్ని మనకు అర్థము కానివి. కొన్ని మన అభిరుచికి సరిపడనివి. కొన్ని అట్టలూడి, పుటలు పసుపువన్నె తేలినవి. పాఠకుడు లేని పుస్తకమెందుకని కొందరు అడుగవచ్చును. ఆ పుస్తకమునకు పాఠకుడు ఇంకను పుట్టియుండకపోవచ్చును. అతడు వచ్చువరకు దానిని చెదలు తినకుండ, వాన తడవకుండ, చేతులు మారి పోకుండ కాచుటయే మన పని. తీసికొనిపోయిన పుస్తకమును గడువులోపల తిరిగి తెచ్చి యిచ్చు సభ్యుడును, చినిగిన పుటను జిగురుతో అంటించు గ్రంథపాలకుడును, తమకు తెలియకయే ఆ బెల్జియము ఖైదీ చేసిన పనియే చేయుచున్నారు.

 ఈ సంస్థ స్వర్ణోత్సవమును, వజ్రోత్సవమును జరుపుకొని, ఇప్పటికింకను పుట్టని పాఠకులకొరకు పుస్తకములను దాచియుంచుచు చిరకాలము వర్ధిల్లుగాక.